పదిహేనో డబ్బా

ముందుగానే ఒప్పేసుకుంటున్నాను: నేను కోతలు కోస్తాను. ముప్పై ఏళ్ళు అల్వాల్‌లో ఒక బడిలో లెక్కలు చెప్పినవాణ్ణి. నల్లబల్ల మీద రెండూ రెండూ కలిస్తే ఎప్పుడూ నాలుగే అయ్యాయి. బడి గేటు దాటాక మాత్రం నా నోట పడిన ఏ అంకె అయినా రెండు పూటలా మేసిన బర్రెలా ఒళ్ళు చేస్తుంది. ఇంటికి నలుగురు చుట్టాలొస్తే నలభై మంది వచ్చారంటాను. శామీర్‌పేట చెరువు అలుగు దూకిన ఏడు మా స్కూటరు పొగగొట్టంలో చేపపిల్ల దొరికిందని ఇప్పటికీ చెప్తుంటాను. విన్నవాళ్ళు "ఏం చేప సారూ?" అని అడిగారే తప్ప "నిజమా?" అని ఒక్కరూ అడగలేదు. అంతటి మర్యాదస్తుల మధ్య బతికాను. కాబట్టి ఇది చదివేవాళ్ళు నా అంకెల్లో సగం కొట్టేసుకుని చదవాలని మనవి. ఒక్కచోట మాత్రం సగం కొట్టేసినా లాభం లేదు. అక్కడ నేను పెంచలేదు, ఉన్నది తీసేసి లేనిది పెట్టాను. అదెక్కడో చివర్లో నేనే చెప్తాను.

పోయిన వారం మా ఫ్రిజ్ మార్చాం. పాతది తీసుకుని కొత్తది ఇచ్చే పద్ధతి. దుకాణం నుంచి వచ్చిన పెద్దమనిషి, తల నెరిసినవాడే, పాత ఫ్రిజ్ తలుపు తెరిచి గుడ్లు పెట్టే అరలోంచి ఒక నల్లటి డబ్బా తీశాడు. పాతకాలం కెమెరా రీళ్ళు వచ్చేవే, బొటనవేలంత ప్లాస్టిక్ డబ్బాలు, అలాంటిది. దాని మీద తెల్ల ప్లాస్టరు, ప్లాస్టరు మీద నీలం సిరాతో 15 అనే అంకె. చెవి దగ్గర పెట్టి ఊపాడు. ఏ చప్పుడూ లేదు. "సార్, గిది పారేద్దునా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే లోపలి గదిలోంచి మా ఇంటావిడ గద్దలా వచ్చి వాలింది. "దాన్ని ముట్టకు!" అన్నది. "ఖాళీ ఉన్నది గదమ్మా?" అన్నాడాయన. "ఖాళీదే. ఖాళీగనే ఉండాలె," అని దాన్ని తీసుకెళ్ళి, ఇంకా అట్టపెట్టె వాసన పోని కొత్త ఫ్రిజ్‌లో గుడ్ల అరలోనే పెట్టింది. ఆయన నావైపు చూసిన చూపులో పదహారు రకాల జాలి ఉంది. ఆ డబ్బా చూస్తున్న నాలుగో ఫ్రిజ్ ఇది. మా పెళ్ళికి కొన్న ఫ్రిజ్‌తో మొదలైంది దాని కాపురం.

మా ఇంటావిడ మా మేనమామ కూతురు. చిన్నప్పటి నుంచి బావా అనే పిలుపు, పెళ్ళయినా మానలేదు. ఆమె పని వైద్య పరిశోధన. చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది. పసిపిల్లల కడుపులో చేరి విరేచనాలు పట్టించే క్రిములు ఎక్కడి నుంచి వస్తాయి, ఎవరి నుంచి ఎవరికి అంటుతాయి అని వెతకడం ఆ పని. ఏడేళ్ళు కష్టపడి డాక్టరేటు తెచ్చుకుంది. తెచ్చుకున్న మర్నాటి నుంచి మాకు నిద్రాహారాలు లేవు. మా అమ్మ వీధి వీధంతా "మా కోడలు డాక్టరైంది" అని చాటింది. పొద్దున పళ్ళు తోముకుంటుంటే గేటు దగ్గర జ్వరాలు, దగ్గులు, కాళ్ళ వాపులు బారులు తీరేవి. నేను ఆ డాక్టర్ని కాదని ఆమె ఎంత మొత్తుకున్నా, "ఒక్క గోళి రాయి బిడ్డా, నీ సొమ్మేం వోతది?" అని కూర్చునేవాళ్ళు. చివరికి మా అమ్మకే విసుగొచ్చి, గేటు దగ్గర నిలబడి, "పిలగాండ్ల దొడ్డికి డాక్టర్ మా కోడలు. ఇగ సాల్నా? పోండ్రి!" అని అరిచింది. ఆ అరుపు హకీంపేట దాకా వినిపించిందని నా లెక్క. మర్నాటి నుంచి గేటు ఖాళీ.

ఆమె ఉద్యోగం శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కన ఒక పరిశోధన సంస్థలో. కరీంనగర్ బస్సులో వేళ్ళాడుతూ వెళ్ళేది, వేళ్ళాడుతూ వచ్చేది. చేరినప్పుడు ప్రాజెక్టు అసిస్టెంటు, తరువాత ఫెలో, ఆ తరువాత రీసెర్చ్ అసోసియేటు. పేరు పొడుగవుతూ పోయింది గాని కూర్చునే కుర్చీ అదే, దాని విరిగిన కాలూ అదే. అన్నీ తాత్కాలికమే. ప్రాజెక్టు మూడేళ్ళు, అది అయిపోతే ఈమె కూడా అయిపోయినట్టే. కొత్త ప్రాజెక్టు వస్తే మళ్ళీ పుట్టినట్టు. ఆ భవనంలో ఒక పిల్లి ఉండేది, ఎలుకల గది పక్కన. ఉద్యోగ భద్రతలో ఆ పిల్లి మా ఆవిడకన్నా పదేళ్ళు సీనియరు. ఏదైనా రసాయనం కావాలని కాగితం పెడితే ఆ కాగితం ఏడు బల్లలు తిరిగి, ఎనిమిదో బల్ల మీద ఎండాకాలం గడిపి, చివరికి సీసా వచ్చేనాటికి దాని మీద రాసిన గడువు తీరిపోయి ఉండేది. ఇంటికొచ్చి చెప్పులు విసిరేసి, "బావా, ఇయ్యాల గూడ రాలే," అనేది. ఏది రాలేదని నేను ఎన్నడూ అడగలేదు. ఏదీ రాదు, అంతే.

ఆదివారాలు ఆ సంస్థకు తాళం. సోమవారం పొద్దున్నే బస్తీలో వాడాల్సిన గొట్టాలు, మంచు గడ్డల సంచులు శనివారమే ఇంటికి తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టేది. ఆ గొట్టాల్లో జెల్లీ లాంటి పదార్థం ఉండేది, క్రిములు చావకుండా ప్రయాణం చేయడానికి. ఒక అరంతా పరిశోధనది, ఒక అర మా అమ్మ పెరుగుది. మధ్యలో "తినకూడదు" అని ఎర్ర అక్షరాల చీటీ. అయినా ఒక ఆదివారం మా మామయ్య, అంటే ఆమె కన్న నాయినే, చల్లగా ఉందని ఒక గొట్టం మూత తీసి ఇంత నాలుక మీద వేసుకుని, "మంచిగనే ఉన్నది గని ఉప్పు తక్కువైంది," అన్నాడు. మామయ్యకు ఏమీ కాలేదు. మూడు నెలలు ఎక్కువ బతికాడని మా వాళ్ళ నమ్మకం.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఆమెకు జవహర్‌నగర్ వైపు ఒక బస్తీలో పని పడింది. ఒకే గల్లీ, అయిదేళ్ళ లోపు పిల్లలు పద్నాలుగు మంది. ప్రతి సోమవారం పొద్దున ఒక్కొక్కరి మలం ఒక్కొక్క డబ్బాలో కావాలి. అందులోంచి క్రిమిని పెంచి, ఎవరి కడుపులో ఏ రకం ఉందో చూడాలి. డబ్బాల కోసం పెట్టిన కాగితం యథాప్రకారం ఎనిమిదో బల్ల మీద నిద్రపోతోంది గనుక, అల్వాల్ స్టేషన్ దగ్గర ఫోటో స్టూడియో వాణ్ణి బతిమాలి ఒక గోనెసంచెడు రీలు డబ్బాలు తెచ్చాను. అవి కడిగి, మందు నీళ్ళలో నానేసి, మా డాబా మీద ఆరబెట్టి, ప్లాస్టరు అంటించి, ఒకటి నుంచి పద్నాలుగు దాకా అంకెలు వేసింది ఆమె. పెద్దల పెళ్ళిళ్ళు, పిల్లల పుట్టినరోజులు దాగి వచ్చిన డబ్బాల్లో ఇక ఏం దాగబోతోందో తలుచుకుంటే నాకు నవ్వొచ్చేది. ఆమెకు రాలేదు.

మోసేవాణ్ణి నేను. బడి తొమ్మిదింటికి గనుక ఆరున్నరకే స్కూటరు పక్కకు వంచి, నాలుగు తన్నులు తన్ని, వెనక ఆమెను, ఆమె ఒళ్ళో మంచు డబ్బాను ఎక్కించుకుని బయల్దేరేవాణ్ణి. చెత్తకుప్పల గాలి ఎదురొచ్చేది. ఆ వాసనకు ఎగిరే కాకులు కూడా ముక్కు మూసుకునేవి. మొదటి సోమవారం పద్నాలుగు డబ్బాల్లో మూడు నిండాయి. తల్లులంతా తెల్లవారకముందే కోళ్ళ ఫారాలకు, ఇళ్ళు కట్టే చోటికి పోయేవాళ్ళు; పిల్లలు లేస్తూనే రాళ్ళ గుట్టల వెనక్కి. వాళ్ళ వెంట డబ్బా పట్టుకుని తిరిగే తీరిక ఎవరికి? రెండో సోమవారం నాలుగు వచ్చాయి. నాలుగోదాంట్లో ఉన్నది మేకది. మా ఆవిడ ఆ డబ్బా పట్టుకుని గల్లీ మధ్యలో నిలబడిపోయింది. అరవై కోట్ల మంది దుఃఖం ఆ ఒక్క మొహంలో కనిపించింది. ఇది సగం కొట్టేసుకున్నా పరవాలేదు, ముప్పై కోట్లు అయితే ఉంటుంది.

ఆ మొహం చూసింది పెద్దమ్మ. గల్లీ చివరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే, గల్లీలో కొట్లాటలు తీర్చేది ఆమే, నల్లా దగ్గర బిందెల వరస చూసేదీ ఆమే. క్రైస్తవులు, హిందువులు అందరికీ ఆమె పెద్దమ్మే గనుక మాకూ అయింది. మా ఆవిడ చేతిలోంచి ఖాళీ డబ్బాల సంచి లాక్కుని, "ఏడ్వకు బిడ్డా. వొచ్చే సోమారం సంది నేను జూస్కుంట," అన్నది. నావైపు తిరిగి, "అల్లుడా, నువ్వేంది గట్ల నిలవడ్డవ్? చాయ తాగిపో," అన్నది. ఆ గల్లీకి నేను ఆ క్షణం నుంచి అల్లుణ్ణి. మూడో సోమవారం వెళ్ళేసరికి ఆమె ఇంటి అరుగు మీద పద్నాలుగు డబ్బాలు, అంకెల వరసలో, మూతలు బిగించి, పైన తడిగుడ్డ కప్పి ఉన్నాయి. పద్నాలుగూ నిండే! మా ఆవిడ ఒక్కో పిల్లాడి పేరు మీద ఒక్కో బిస్కెట్ పాకెట్ ఇస్తూ, "ఎవరిది వాళ్ళదేనా పెద్దమ్మా?" అని అడిగింది. "పిలగాండ్లయే బిడ్డా," అన్నది పెద్దమ్మ, తలుపు దగ్గర కోడిని తోలుతూ.

ఆ తరువాతి రెండు నెలలు మా ఇంట్లో పండగ. క్రిముల రకం తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. చివరికి ఒక ఫోటో వస్తుంది, దాంట్లో ఒక్కో పిల్లాడి క్రిమికి ఒక్కో వరస గీతలు, నిచ్చెన మెట్లలాగ. మనుషుల వేలిముద్రల్లాగే ఒకరి నిచ్చెన ఒకరికి కలవదు. ఈ గల్లీ ఫోటోలో పద్నాలుగు నిచ్చెనలూ ఒక్కటే! వారం తరువాత వారం, అవే మెట్లు. అంటే గల్లీలోని పిల్లలందరి కడుపులోనూ ఒకే ఒక్క రకం క్రిమి చేరింది, అదీ అంతకుముందు ఆ సంస్థలో ఎవరూ చూడని రకం. అందరూ తాగేది ఒకటే నల్లా గనుక అది నీళ్ళలోంచే వచ్చి ఉండాలని ఆమె అనుకుంది. ఆమె పైన ఉన్న పెద్ద సారు, పదేళ్ళుగా ఆమెకు ఎదురుపడితే గోడ గడియారం వంక చూసే మనిషి, ఆ ఫోటో చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. సంస్థలో ఒకే ఒక్క పర్మనెంటు పోస్టు పడింది. ముప్పై అయిదు నిండితే ఇక దరఖాస్తుకు వీల్లేదు. మా ఆవిడకు ముప్పై అయిదు నిండడానికి ఇంకా నెల ఉంది. ఎంపిక కమిటీ ముందు ఈ ఫోటో పెట్టి మాట్లాడితే పోస్టు ఆమెదేనని పెద్ద సారు అభయమిచ్చాడు. కమిటీ తరువాతి వారం గురువారం. మా అమ్మ అప్పుడే గేటు దగ్గర "మా కోడలు పర్మనెంటు" అని మొదలుపెట్టింది.

కమిటీకి ముందు వారం సోమవారం ఆమె పెద్ద సారు పిలుపు మీద తెల్లారే శామీర్‌పేట వెళ్ళింది. డబ్బాల కోసం నేనొక్కణ్ణే వెళ్ళాను. బడిలో ఆ రోజు ఇన్‌స్పెక్షను, అందుకని ముప్పావు గంట ముందే వెళ్ళాను. నా జీవితంలో ఎక్కడికైనా ముందుగా వెళ్ళిన సందర్భం అదొక్కటే, దాని ఫలితం కూడా అనుభవించాను. పెద్దమ్మ ఇంటి వెనక పద్నాలుగు డబ్బాలు మూతలు తీసి బారుగా పెట్టి ఉన్నాయి. పెద్దమ్మ గొంతుక్కూర్చుని, విరిగిన ప్లాస్టిక్ చెంచాతో ఒక పాత పళ్ళెంలోంచి తీసి ఒక్కో డబ్బాలో ఇంత, ఒక్కో డబ్బాలో ఇంత, పెళ్ళి బంతిలో మిఠాయి వడ్డించినంత సమంగా పెడుతోంది. పక్కన మూడేళ్ళ మనవడు చొక్కా మాత్రమే వేసుకుని, పని ముగించినవాడి తృప్తితో కూర్చుని ఉన్నాడు. వైద్య పరిశోధనకు ఒంటిచేత్తో అంత సేవ చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

"ఆగు అల్లుడా, ఇంగ రెండే ఉన్నయ్," అన్నది పెద్దమ్మ, కనీసం ఉలిక్కిపడకుండా.

"పెద్దమ్మా, గిదేంది? అన్నిట్ల వీనిదేనా?"

"మరి ఎవలది దేవాలె? ఆళ్ళ అమ్మలు నాలుగు గొట్టంగనే ఫారాలకు వాయె. పిలగాండ్లు గుట్టల పొంటి వాయె. నా మనుమడే నయ్యం, పొద్దుగాల పిలిస్తే పలుకుతడు."

"పద్నాలుగు మందివి యేరే యేరే గావాలె పెద్దమ్మా. గందుకే గద నంబర్లు!"

"ఎవలదైతేంది? పిలగాండ్లదే గద!" అని ఆమె చెంచా పక్కన పెట్టి నావైపు చూసింది. "గా పిల్ల ఒట్టి డబ్బాలు సూసి మొఖం ఎట్ల వెట్టిందో నువ్వు సూడలేదా? ఆడివిల్ల గంత దూరంకెళ్ళి మనింటికొస్తే ఒట్టి చేతుల్తోని పంపుతమా అల్లుడా? మా ఇంట్ల గా అలవాటు లేదు. బిస్కెట్లు మాత్రం ఏ ఇంటియి ఆ ఇంటికే ఇచ్చిన, ప్రభువు సాక్షిగ."

నాకు నవ్వాలో, ఆ గుట్టలకు తల బాదుకోవాలో తెలియలేదు. ఆ ఫోటోలో గల్లీ అంతా పాకిన క్రిమీ లేదు, పాడైన నల్లా లేదు. ఒకే బుడ్డోడి పొద్దుటి పని, పద్నాలుగు వాటాలు, రెండు నెలలు. పదేళ్ళ చదువు, ఏడేళ్ళ డాక్టరేటు, బస్సు కమ్మీకి వేళ్ళాడిన చేతులు, అన్నీ వచ్చి ఆ ప్లాస్టిక్ చెంచా దగ్గర ఆగాయి. పెద్దమ్మ చివరి రెండు డబ్బాలు నింపి, మూతలు బిగించి, సంచిలో సర్ది, నాకు చాయ కూడా ఇచ్చింది. చక్కెర ఎక్కువ వేసింది, అల్లుణ్ణి కదా.

ఆ రోజు బడి వదలగానే ఇంటికి పోయి, మా ఆవిడ రాగానే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడింది. తరువాత, "మంచిగ జెప్పినవ్ బావా. ఇంకొగలైతే దాచిపెట్టేటోళ్ళు," అన్నది. తరువాతి వారం బుధవారం ఆమె ఒక్కతే బస్తీకి వెళ్ళి పెద్దమ్మతో మాట్లాడి వచ్చింది. గురువారం కమిటీ. నేను బడికి సెలవు పెట్టి ఆ భవనం మెట్ల దగ్గర, ఆ పర్మనెంటు పిల్లి పక్కన కూర్చున్నాను. లోపల ఆమె ఫోటో గోడ మీద వేయించి ఒకే మాట అన్నదట: "ఈ ఫోటోలో పద్నాలుగు మంది పిల్లలు లేరు. ఒక్కడే ఉన్నాడు." ఆ తరువాత జరిగినదంతా వివరంగా చెప్పి, తను ఇంటింటికీ వెళ్ళి చూసుకోకపోవడం తన తప్పేనని చెప్పి కూర్చుంది. పెద్దమ్మ గురించి ఒక్క మాట కూడా తేలిగ్గా అనలేదట. బయటికొచ్చాక పెద్ద సారు నా ముందే ఆమెను అడిగాడు, "గీ ముచ్చట ఒక్క వారం ఆగి చెప్తే ఏం వోయేదమ్మా?" అని. ఆయన గోడ గడియారం వంక చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

పోస్టు ఎలుకల మీద పనిచేసే ఒకాయనకు పోయింది. నెల తిరిగేసరికి ఆమెకు ముప్పై అయిదు నిండాయి. మా అమ్మ సేమియా పాయసం చేసింది, గిన్నెడు పాయసం గిన్నెలోనే గట్టిపడింది. ప్రాజెక్టుకు ఇంకా నాలుగు సోమవారాలు మిగిలితే, ఆ నాలుగూ ఆమె మానలేదు. అయిదున్నరకే వెళ్ళి ఇంటింటికీ తిరిగింది. పెద్దమ్మను కూర్చోబెట్టి, ఖాళీగా ఉంటే ఖాళీగానే ఇవ్వాలని, ఖాళీ డబ్బా కూడా తనకు పనికొస్తుందని చెప్పింది. "ఒట్టి డబ్బ గూడ పనికొస్తదా? గిదేం సదువు బిడ్డా!" అని పెద్దమ్మ చెంపలు నొక్కుకుంది. అయినా మాట విన్నది. తరువాతి సోమవారం అయిదు నిండు డబ్బాలు, తొమ్మిది ఖాళీ డబ్బాలు, వాటితో పాటు ఒక పెద్ద సొరకాయ ఇచ్చింది. ఒట్టి చేతులతో పంపే అలవాటు ఆ ఇంట్లో లేదు కదా. అయిదింటిలో అయిదు రకాల నిచ్చెనలు వచ్చాయి. అందులో విశేషమేమీ లేదు. ఆ మనవడికి ఆస్పత్రిలో మందిప్పించింది, వాడి కడుపు కుదుటపడింది. ఆ పని మొత్తానికి మిగిలిన ఫలితం ఆ బుడ్డోడు ఒక్కడే.

ప్రాజెక్టు అయిపోయింది, ఆమె కూడా అయిపోయింది. ఎనిమిది నెలలు ఇంట్లో ఉంది. అప్పుడు నేను పడ్డ బాధ పరిశోధన కాలంలో కూడా పడలేదు, మా వంటింట్లో ప్రతి సీసాకూ అంకె, తేదీ పడ్డాయి. ఆ తరువాత మేడ్చల్ వైపు టీకాలు తయారుచేసే ఒక కంపెనీలో, తయారైన మందు బయటికి పోవచ్చా వద్దా అని పరీక్షించే విభాగంలో చేరింది. అక్కడే ఎదిగింది. ఆమె వద్దంటే లారీలు గేటు దగ్గర ఆగిపోయేవి. మందు తయారుచేసేవాళ్ళు ఆమె నడిచొస్తుంటే నేల కేసి చూసేవాళ్ళని ఆమె దగ్గర పనిచేసిన పిల్లలు చెప్తారు. కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆమె మొదటి రోజు చెప్పే మాట ఒకటేనట: "రాకపోతే రాలేదని రాయండి. ఖాళీ అయితే ఖాళీ అని రాయండి. నన్ను సంతోషపెట్టడానికి ఏదీ నింపొద్దు."

ఇక నేను బాకీ పడ్డ మాట. అల్లిందేదో మీరు పట్టుకుని ఉండరు. మేక సంగతి నిజం. మామయ్య జెల్లీ తిన్నది నిజం. పిల్లి కూడా నిజమే, కాకుల ముక్కుల దగ్గర మాత్రం కొంచెం చెయ్యి జారింది. నేను అల్లింది ఇది: ఆ సోమవారం ఇంటికొచ్చి చెప్పేశానన్నానే, అది. చెప్పలేదు.

ఆ సాయంత్రం ఆమె శామీర్‌పేట నుంచి వచ్చి చెప్పులు విసిరేయకుండా ఒక పక్కన సర్దిపెట్టింది. పదేళ్ళలో మొదటిసారి. మా అమ్మతో ఏదో చెప్పి నవ్వుతోంది. ఆ మొహం చూసి, రేపు చెప్దాం అనుకున్నాను. మర్నాడు కూడా రేపే. కమిటీ అయ్యాక చెప్దాం, పోస్టు చేతికొచ్చాక చెప్దాం, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పెద్ద సారు మెట్ల దగ్గర అడిగిన మాట ఉంది చూశారా, అది నేను నాలో తొమ్మిది రోజులు అనుకుంటూ తిరిగిన మాటే. ఈ తొమ్మిదిని సగం కొట్టేయకండి, ఇది పెంచింది కాదు. మధ్యలో వచ్చిన సోమవారం కూడా నేనే వెళ్ళాను. ఆమెను రావద్దని, కమిటీ పని చూసుకోమని, నేను తెస్తానని చెప్పి మరీ వెళ్ళాను. పద్నాలుగు నిండు డబ్బాలు నా స్కూటరు మీద మోసుకొచ్చి, తెలిసి తెలిసి, ఆమె చేతికిచ్చాను. ఆమె "థాంక్స్ బావా" అన్నది.

బుధవారం ఆమె బస్తీకి వెళ్ళింది పెద్దమ్మను నిలదీయడానికి కాదు. నల్లా నీళ్ళు కాచి తాగమని గల్లీ అంతటికీ చెప్పడానికి వెళ్ళింది. ఒకే క్రిమి పద్నాలుగు మందికి అంటుకుందని పెద్దమ్మకు వివరించబోతే, పెద్దమ్మ నవ్వి, "నల్లాది గాదు బిడ్డా, నా మనుమనిది. అల్లునికి ఎరుకే గద! మొన్న నిలవడి సూసిండు," అన్నదట. ఆ ఒక్క మాటతో ఆమెకు రెండు సంగతులూ ఒకేసారి తెలిశాయి.

ఇంటికొచ్చింది. "మంచిగ జెప్పినవ్ బావా" అని ఆమె అననే లేదు. ఆ మాట నేను నా కోసం రాసుకున్నది. ఆమె అన్నది వేరు. ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడి, గొంతు పెంచకుండా అడిగింది: "పెద్దమ్మకు సదువు రాదు బావా. నువ్వు లెక్కల సారువి. నీకేమైంది?"

నేను ఏదో ఒక హాస్యం ఆడబోయాను. నా దగ్గర ఎప్పుడూ ఒకటి ఉంటుంది. ఆ రోజు లేదు. ఆమె డాబా మీద మిగిలిపోయిన డబ్బాల్లోంచి ఒకటి తెచ్చింది. ప్లాస్టరు అంటించింది. 15 అని అంకె వేసింది. గల్లీలో పదిహేనో పిల్లాడు లేడు. దాన్ని గుడ్ల అరలో పెట్టి తలుపు మూసింది. అప్పటి నుంచి నేను ఇంట్లో ఎవరికైనా తీపి అబద్ధం ఒకటి చెప్పబోయినప్పుడల్లా, గుడ్డు కోసమో పెరుగు కోసమో అన్నట్టు, ఆమె లేచి వెళ్ళి ఆ ఫ్రిజ్ తలుపు ఒకసారి తెరిచి మూస్తుంది.

కొత్త ఫ్రిజ్‌కు పదేళ్ళ గ్యారంటీ ఉందని ఆ పెద్దమనిషి చెప్పి వెళ్ళాడు. చల్లగా పెట్టినా సరే, కాలం పెరుగును పులిపిస్తుంది, పండును కుళ్ళబెడుతుంది, పరిశోధన సీసాల గడువు తీర్చేస్తుంది. ఏమీ నింపకుండా ఉంచిన ఆ ఒక్క డబ్బాను మాత్రం ఇన్నేళ్ళుగా ఏమీ చేయలేకపోయింది.